వెనక తలుపు గడియ

జూన్ 3

అక్కా,

క్షేమంగా చేరాను. ఈ ముక్క మొదట్లోనే రాయకపోతే తక్కినదంతా చదవకుండా బావ ప్రాణం తీస్తావని తెలుసు. ఫోన్ చెయ్యమన్నావు కానీ, మీ ఫోన్ హాల్లో సరిగ్గా నాన్న కుర్చీ పక్కనే ఉంది. ఈ ఇంటి కబుర్లు ఆయన చెవిన పడటం నాకిష్టం లేదు. అందుకే ఉత్తరాలు రాస్తాను, ఓపిగ్గా చదువుకో.

ఎదురింటి టైలరు కార్డులో రాసింది నిజమే. మన బేకరీ ముందు కొట్టు పైకప్పు ఒక పక్కకి ఒరిగింది. పడగొట్టాలో, బాగుచేయించాలో మేస్త్రీ వచ్చి చెప్పాలి. కౌంటరు మాత్రం చెక్కుచెదరలేదు. రస్కుల డబ్బా మీద పెళ్ళికి ముందు నువ్వు అంటించిన పువ్వుల కాగితం కూడా అలాగే ఉంది. దాని వెనక బ్రెడ్ కాల్చే బట్టీ గది, గోడలన్నీ మసి. ఆ పక్కన పొంగు గది. పిండి ముద్దలు పొంగడానికి పెట్టే గదిని మనింట్లో తప్ప ఇంకెక్కడా అలా పిలవగా వినలేదు నేను.

ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అమ్మ నన్ను ఎత్తి బయటికి తోసిన కిటికీ ఇంత చిన్నదని గుర్తులేదక్కా. అప్పట్లో పుల్లలా ఉండేదాన్ని కాబట్టి పట్టాను. అమ్మ పట్టదని అమ్మకి చూడగానే తెలిసుంటుంది. తెలిసే తోసింది. చువ్వ పట్టుకుని వేలాడినప్పుడు కాలి, ఒకదానికొకటి అతుక్కుపోయిన నా రెండు చేతివేళ్ళూ ఆ కిటికీని చూస్తే ఇప్పటికీ సలుపుతున్నాయి.

ఆ గది వెనక తలుపు సగం కాలి నిలబడే ఉంది. గడియ ఎప్పట్లాగే పెరటివైపు. తుప్పు పట్టింది కానీ కదులుతోంది. ఆ రోజు బట్టీ గదిలో మంట లేచాక మాకున్న దారి ఆ తలుపొక్కటే. అవతల ఎవరో గడియ పెట్టారు. ఇంత చిన్న ఇనప ముక్క, అక్కా.

ఇంకో సంగతి. మన బట్టీలో పనిచేసిన పొడుగు ఊళ్ళోనే ఉన్నాడు. జైలు నుంచి వచ్చాక ఆసుపత్రి వంటగదిలో పనికి కుదిరాడని టైలరు చెప్పాడు. నిన్న వీధి మలుపులో కనిపించాడు. నన్ను చూసి అవతలి పక్కకి దాటిపోయాడు. తల సగం నెరిసింది. నడక మాత్రం అదే, మన బట్టీ గుమ్మానికి నుదురు కొట్టుకుంటుందని వంగి నడిచేవాడే, అదే నడక. నేను మలుపు దాకా వెళ్ళకుండానే వెనక్కి వచ్చేశాను. భయమా అంటే భయమే. అదొక్కటేనని నీకు అబద్ధం చెప్పలేను.

నీ బన్ను


జూన్ 10

బన్నూ,

అబద్ధం చెప్పలేవా? చెప్పవే తల్లీ, ఒక్క అబద్ధం చెబితే నీ నోరేం అరిగిపోదు, నాకు కాస్త కంటి నిండా నిద్ర పట్టేది.

నేను గుర్తు చెయ్యాలా? మీ పెళ్ళికి నాన్న ససేమిరా అన్న వారంలోనే ఆ మంట. ఆ సమయానికి పెరట్లో కట్టెలు కొడుతున్నది పొడుగొక్కడే. నాన్న ముందు కొట్లో ఉన్నాడు. నేను అత్తారింట్లో ఉన్నాను. గడియ దానంతటది పడదు. జడ్జిగారు అన్నిసార్లు అడిగితే, “తీసింది నేనే” అన్నాడు కానీ, “పెట్టింది నేను కాదు” అని ఒక్కసారైనా అన్నాడా? చెయ్యనివాడికి ఆ మాట అనడానికి ఏం అడ్డొచ్చింది? నువ్వు లోపలున్నావని తెలియక పెట్టాడని నువ్వు, తెలిసే పెట్టాడని నేను. ఎనిమిదేళ్ళుగా ఇదే రాద్ధాంతం. ఎవరు నెగ్గినా అమ్మ రాదు. కాబట్టి అతని నీడ కూడా తొక్కకు.

ఇక్కడంతా మామూలే. మీ బావకి కొత్త కళ్ళజోడు వచ్చింది, అది పెట్టుకుని పాత కళ్ళజోడు కోసం వెతుకుతున్నాడు. నాన్నకి మతిమరుపు ఇంకొంచెం ముదిరింది. నన్ను ఒక్కోసారి అమ్మ అనుకుంటాడు, ఒక్కోసారి కొట్టుకి బేరానికొచ్చిన మనిషిననుకుని ఏం కావాలంటాడు. ఈ మధ్య కొత్త అలవాటు ఒకటి. ఏ గదిలోంచి బయటికొచ్చినా వెనక్కి తిరక్కుండానే గడియ పెట్టేస్తున్నాడు. మొన్న మీ బావని స్నానాలగదిలో పెట్టి బిగించాడు. ఆయన ఆఫీసుకి ఆలస్యమైపోయి లోపల్నించి అరుస్తుంటే, నాన్న హాల్లో కూర్చుని, “ఎవరో తలుపు కొడుతున్నారు, చూడండి” అంటాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

వేళకి తిను. మేస్త్రీ రాగానే పని చూసుకుని వచ్చెయ్యి.

అక్క


జూన్ 16

అక్కా,

నీ మాట సగం విన్నాను, సగం వినలేదు. ముందు వినని సగం చెబుతాను.

మేస్త్రీ ఇవాళ రేపు అని తిప్పుతున్నాడు. చేతులూరుకోక బట్టీ ఊడ్చాను. ఊడ్చాక వెలిగించి చూడాలనిపించింది. మొదటిసారి అగ్గిపుల్ల గియ్యడానికి నాకు ఎంతసేపు పట్టిందో రాయను, నువ్వు ఏడుస్తావు. కానీ వెలిగింది. రెండు ట్రేలు బన్నులు కాల్చాను. వాసనకి వీధి వీధంతా వచ్చింది. పరామర్శించి ఏడవడానికొచ్చిన ముసలావిడ ఏడుస్తూనే నాలుగు కట్టించుకుని పోయింది. అప్పట్నుంచి రోజూ కాలుస్తున్నాను.

నిన్న పొడుగు వచ్చాడు. కౌంటరుకి అవతల దూరంగా నిలబడి బ్రెడ్ ఒకటి అడిగాడు. చెయ్యి తగలకుండా కౌంటరు మీద పెట్టాను. అక్కడే అంచు తుంచి నోట్లో వేసుకుని, “ఉప్పు తక్కువైంది” అన్నాడు. అంతే. ఎనిమిదేళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నిజంగానే తక్కువైంది, అక్కా. లోపలికి వెళ్ళి మైదా బస్తా మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు అసలు సంగతి, కంగారుపడకుండా చదువు. కట్టెలు పెరట్లో, పక్కగోడ చాటున రేకుల షెడ్డులో ఉంటాయి కదా. వెనక తలుపులోంచి వెళ్ళి, ఓ మోపు ఎత్తుకుని తిరిగొచ్చేసరికి తలుపుకి గడియ పెట్టి ఉంటోంది. ఒకసారైతే నా భ్రమ అనుకునేదాన్ని. నాలుగైదుసార్లు అయింది. ఆ గడియని నేను ముట్టుకోను కూడా. పెరటి గేటుకి తాళం లేదు. సందులోంచి ఎవరైనా రావచ్చు. నేను షెడ్డు చాటుకి వెళ్ళగానే ఎవరో వచ్చి గడియ పెట్టి పోతున్నారు. చప్పుడు వినబడదు, మనిషి కనబడడు. చూసిన ప్రతిసారీ కట్టెలు కింద పడేసి, కొంగుతో గడియ లాగేసి లోపలికి పరిగెడుతున్నాను.

ఇది చేసేవాడు ఆ రోజు సంగతి తెలిసినవాడే అయ్యుండాలి. అతను కాకూడదని ఎంత కోరుకుంటున్నానో నీకు చెప్పలేను.

బన్ను


జూన్ 21

బన్నూ,

ఈ ఉత్తరం అందగానే బస్సెక్కు. కోరుకోవడమేంటే, కోరుకోవడం? ముందు వచ్చి ఉప్పు తక్కువైందంటాడు, వెనక నుంచి గడియ పెడతాడు. నువ్వు గుర్తుపట్టాలనే పెడుతున్నాడు. ఆరేళ్ళు జైల్లో కూర్చోబెట్టిన ఇంటి మీద మనిషికి ప్రేమ పొంగుకొస్తుందా?

నువ్వు రాకపోతే మీ బావ చేత అక్కడి స్టేషనుకి ఫోన్ చేయిస్తాను. నాకు మిగిలింది నువ్వొక్కదానివి. నాన్న ఉన్నాడంటే ఉన్నాడు, లేడంటే లేడు. అమ్మ చేతుల్లోంచి బయటపడ్డ దానివి, మళ్ళీ ఆ గదిలోనే పోతానంటే నేను ఒప్పుకోను.

అక్క


జూన్ 26

అక్కా,

స్టేషనుకి ఫోన్ చెయ్యొద్దు. ఈ మాట ముందు రాస్తున్నాను, ఉత్తరం ఆఖరికి వచ్చేసరికి నా మనసు మారుతుందేమోనని.

పొగగొట్టం మూసుకుపోయి పొగంతా గదిలోకి తన్నింది. నేను వీధిలోకి పరిగెత్తి దగ్గుతుంటే ఆసుపత్రి నుంచి ఇంటికి పోతున్న పొడుగు చూశాడు. ఏమీ అడక్కుండా పైకెక్కి గొట్టంలోంచి పాత గూడొకటి లాగి పడేశాడు. తర్వాత పెరట్లో కూర్చుని చేతులు కడుక్కుంటుంటే నేనే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. వీధి అవతల టైలరు ఉన్నాడు, కేకేస్తే వినిపిస్తుంది. ఆ ధైర్యంతోనే అడిగాను.

“ఆ రోజు గడియ పెట్టింది నువ్వేనా?”

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. “తెలియదు” అన్నాడు.

“తెలియకపోవడమేంటి?”

“నిజంగా తెలియదు. నీకెలా చెప్పాలో...”

ఆ పైన వినలేదు. ఎనిమిదేళ్ళుగా నేను రెండే జవాబులు ఊహించుకున్నానక్కా, అవుననో కాదనో. అవునంటే చచ్చేదాన్ని, కాదంటే నమ్మేదాన్ని. తెలియదంటే ఏం చెయ్యను? మా అమ్మ చావు తెలియకపోయేంత చిన్న విషయమా అని అరిచాను. వెళ్ళిపొమ్మన్నాను. వంగి గేటు దాటి పోయాడు.

ఒళ్ళు తెలియని కోపంతో కట్టెల కోసం వెళ్ళి వచ్చాను. మళ్ళీ గడియ.

ఒకసారి నా చెప్పులు పోతే నన్ను చెప్పులు కుట్టేవాడి దగ్గర కూర్చోబెట్టి అవి దొరికేదాకా ఊరంతా తిరిగిన మనిషి అతను. నువ్వెరగవు. నేనెరుగుదును. ఆ మనిషే ఇదంతా చేస్తున్నాడంటే నేనింక ఎవర్ని నమ్మాలి? నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి.

బన్ను


జూలై 2

బన్నూ,

నీ ఇష్టమన్నావు కాబట్టి చేశాను. మీ బావ ఫోన్ చేశాడు. పాత కేసు పేరెత్తగానే స్టేషన్లో ఇన్‌స్పెక్టరు గుర్తుపట్టాడట. ఆ పూటే వెళ్ళి ఆసుపత్రి వంటగదిలోంచి పట్టుకొచ్చామని సాయంత్రం తిరిగి ఫోన్ చేశారు. కొన్నాళ్ళు లోపల ఉంచి అడుగుతారట. ఇక నువ్వు నిశ్చింతగా తలుపులు తీసుకోవచ్చు, వేసుకోవచ్చు. నన్ను తిట్టుకోకు. తిట్టుకున్నా ఫరవాలేదు, బతికుండి తిట్టుకో.

నాన్న కబురు ఒకటి చెబుతాను, కాస్త నవ్వుతావు. నిన్న నేనూ పనమ్మాయీ వంటింట్లో ఉంటే ఈయన మంచినీళ్ళు తాగి వెళ్తూ వెళ్తూ బయట గడియ పెట్టేశాడు. కిటికీలోంచి పిలిచి, “నాన్నా, ఎందుకు పెట్టావ్?” అన్నాను. ఎంత ముద్దుగా చెప్పాడో. “కట్టెలకి వెళ్తున్నానే. మీ అమ్మా చిన్నదీ లోపల బన్నులు చుడుతున్నారు. తలుపు వేసే వచ్చాలే, పిండికి గాలి తగలదు.” చెప్పి, మా బాల్కనీలో కట్టెలు వెతుక్కుంటూ తిరిగాడు పాపం. దొరక్కపోతే, “సరే, కొట్లోకెవరో వచ్చినట్టున్నారు, ఇటునుంచి ఇటే పోతా” అని వెళ్ళి హాల్లో కూర్చున్నాడు. మీ బావ వచ్చి తీసేదాకా నేను లోపలే. ఒకటే మాట, రోజూ అక్షరం పొల్లు పోకుండా చెబుతాడు. ఏ రోజుల్లో ఉంటున్నాడో మనిషి.

ఈసారైనా వచ్చెయ్యి.

అక్క


జూలై 7

అక్కా,

కూర్చుని చదువు. పక్కన బావ ఉంటే మంచిది.

నీ ఉత్తరం పట్టుకుని పోస్టుమాన్ సందువైపు నుంచి వచ్చాడు. గేటు దగ్గర్నించి పిలిస్తే పిండి చేతులతోనే వెనక తలుపులోంచి వెళ్ళి తీసుకున్నాను. అక్కడే నిలబడి చదివాను. నాన్న మాటల దగ్గరికి వచ్చేసరికి ఆగి మళ్ళీ మొదటి నుంచి చదివాను. వెనక్కి తిరిగి చూశాను. తలుపుకి గడియ ఉంది.

పోస్టుమాన్‌ని అడిగాను, ఇప్పుడెవరైనా వచ్చారా అని. అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, “మీరే కదమ్మా, వస్తూ వస్తూ పెట్టారు” అన్నాడు.

దగ్గరికి వెళ్ళి చూశాను. గడియ మీద తడి పిండి. మూడు వేళ్ళ ముద్ర. రెండు విడివిడిగా, మూడోది వెడల్పుగా, రెండు వేళ్ళు కలిసిపోయినట్టు. అలాంటి చెయ్యి ఈ ఊళ్ళో ఇంకెవరికీ లేదు. ఇన్నాళ్ళూ కొంగుతో లాగేసి నా ముద్ర నేనే తుడిచేసుకున్నాను.

నా వెంట ఎవరూ పడలేదక్కా. నేనే. నడక వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో విన్నది ఒకటే మాట కదా, బయటికెళ్తే తలుపు వెయ్యి, పిండి చచ్చిపోతుంది. వెయ్యకపోతే నాన్న ఎలా అరిచేవాడో నీకు తెలుసు. గాలికి ఆ తలుపు నిలవదని బయట గడియ బిగించిందీ ఆయనే. నీ చేతికీ నా చేతికీ అమ్మ చేతికీ పొడుగు చేతికీ నేర్పేశాడు. చెయ్యి పెట్టేస్తుంది. మనిషికి తెలియదు. నా తల్లిని చంపిన గడియని కూడా నా చెయ్యి నాకు చెప్పకుండా పెట్టేసింది.

నాన్న ఆ రోజు ముందు కొట్లోనే ఉన్నానని చెప్పాడు. అబద్ధం చెప్పాడని నేననను. కట్టెలకని వచ్చాడు, గడియ పెట్టాడు, కొట్లోకి ఎవరో పిలిస్తే ఆ సందులోంచే ముందుకి పోయాడు. ఆ కాస్త ఆయనకి ఎప్పుడూ గుర్తే లేదు. ఇప్పుడు అన్నీ మర్చిపోయాక అదొక్కటే మిగిలింది. అమ్మా నేనూ లోపలున్నామని కూడా చెబుతున్నాడు కదక్కా. మేమిద్దరం కలిసి బన్నులు చుట్టింది ఆ ఒక్క రోజే. అమ్మకి చెయ్యి నొప్పని నేను కొట్టు వదిలి సాయం వెళ్ళాను. మిగతా రోజుల్లో నేను ఎప్పుడూ కౌంటరు దగ్గరే కదా.

స్టేషనుకి పరిగెత్తాను. నా పిండి చెయ్యి చూపించి మొత్తం చెప్పాను. రాసుకుని పొడుగుని వదిలారు. ఆసుపత్రిలో మాత్రం రేపట్నుంచి రావద్దన్నారు అతన్ని.

బయట మెట్ల మీద అతనికీ చెప్పాను. తన కుడిచేతిని చూసుకుంటూ కూర్చున్నాడు. “నేను కూడా ఆ పూట మంచినీళ్ళకి లోపలికెళ్ళి ఆ తలుపులోంచే వచ్చాను” అన్నాడు. “పెట్టానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. రోజూ పెట్టేవాణ్ణి, ఆ రోజూ పెట్టే ఉంటాననుకున్నాను. లేదని ఒట్టేసి ఎలా చెప్పను? అమ్మగారు తలుపు బాదడం విని పరిగెత్తుకొచ్చి తీశాను. అప్పటికే ఆలస్యమైపోయింది. తీసేటప్పుడు కూడా ఇది నేను పెట్టిందే కదా అనుకున్నాను.”

అక్కా, ఆరేళ్ళు జైల్లోనూ అతను తన చేతినే అనుమానించుకున్నాడు. అతనెప్పుడు వచ్చాడు, నాన్న ఎప్పుడు వెళ్ళాడని లెక్క కట్టాం. అతను కట్టెలు కొట్టడం మళ్ళీ మొదలెట్టాక నాన్న ఆ మోపులోంచే తీసుకోవడానికొచ్చి, పిలుపు విని వెళ్ళిపోవడం అతనికి గుర్తుంది. నాన్న తలుపులోంచి వచ్చాడో సందులోంచి వచ్చాడో అతను అప్పుడు చూడలేదు, ఎవరూ అడగలేదు. ఆ తలుపు ఆఖరున దాటింది నాన్నే.

ఇది నువ్వూ బావా విన్నది విన్నట్టు కాగితం మీద రాసి పంపాలి. అతనికి ఇంకేదీ ఇవ్వలేం. మనమీ మాటైనా చెప్పకపోతే ఎలా?

బన్ను


జూలై 13

నీ ఉత్తరం చదివాను. మతి లేని ముసలాయన వాగుడు పట్టుకుని కన్నతండ్రిని హంతకుణ్ణి చేస్తావా? అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్న ఒక్క పూట తృప్తిగా తిన్నాడా? ఆయన్ని రోజూ కడిగి, తుడిచి, తినిపిస్తున్నది నేను. నేను రాయను. బావని రాయనివ్వను. ఆ మనిషి మీద నీకు ఇంకా మమకారం ఉంది, అందుకని నాన్నని బలిపెడుతున్నావు.

నాకు ఉత్తరాలు రాయకు.


జూలై 29

బన్నూ,

రాయకన్నాను కానీ పోస్టుమాన్ వచ్చే వేళకి రోజూ గుమ్మంలోనే నిలబడ్డాను. నువ్వూ పంతం పట్టావు. ఇద్దరం అమ్మ కూతుళ్ళమే.

ఈ రోజులన్నీ నాన్నని గమనిస్తూ ఉన్నాను. వంటింటి తలుపు, స్నానాలగది తలుపు, బీరువా తలుపు. ఆ చెయ్యి వెనక్కి పోవడం, గడియ పడటం, ఆయన కళ్ళు మాత్రం ఎటో. ఒకరోజు నన్ను నేనూ చూసుకున్నాను. పెళ్ళై ఇన్నేళ్ళయినా మా బాల్కనీ తలుపు దాటగానే నా చెయ్యీ పైకి పోతోందే. అక్కడ గడియే లేదు.

నిన్న పొద్దున్న ఆయన నన్ను గుర్తుపట్టి, పెద్దదానా అని పిలిచాడు. ఆ పిలుపు విని చాలా రోజులైంది. మళ్ళీ దొరకడేమోనని కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేశాను. నాన్నా, ఆ రోజు గడియ పెట్టింది నువ్వే, అమ్మ బయటికి రాలేకపోయింది అన్నాను. అన్నాక నా నోరు నేనే మూసుకున్నాను. అరుస్తాడనుకున్నాను, గుండె ఆగుతుందనుకున్నాను. ఆయన నా మొహం కేసి చూశాడు. గాభరాగా లేచి నిలబడ్డాడు.

“అయితే ఇంకా కూర్చున్నావేంటే? పోయి తియ్యి” అన్నాడు.

అప్పట్నుంచి నిమిషం ఆగడం లేదు. తీశావా, తీశావా అని అడుగుతూనే ఉన్నాడు. నేను నోరు తెరిస్తే ఏడుపొస్తోంది, జవాబు చెప్పలేకపోతున్నాను.

విన్నది విన్నట్టు రాసి నేనూ బావా సంతకాలు పెట్టాం. ఇందులోనే ఉంది. స్టేషన్లో చూపించు, ఆసుపత్రిలో చూపించు, టైలరుకి చెప్పి వీధి వీధంతా చదివించు. అతనితో... అతనితో ఏం చెప్పాలో నాకు తెలియదు. నేనే ఫోన్ చేయించానని మాత్రం చెప్పు.

అక్క


ఆగస్టు 4

అక్కా,

కాగితం అందింది. చెప్పినచోటల్లా చూపించాను. ఆసుపత్రివాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. అతను వెళ్ళలేదు.

ఇవాళ పొద్దున్న చేతిసంచితో వచ్చాడు, వెనక గుమ్మంలోంచి. కాగితం ఇచ్చాను. నిలబడే చదివి, మడతల మీదే మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ సంగతి కూడా చెప్పాను. “మీ అక్క స్థానంలో ఎవరున్నా చేస్తారు” అన్నాడు. ఇక్కడే ఉండిపొమ్మని అడిగాను. ఎనిమిదేళ్ళు ఆలస్యంగానైనా అడిగాను, సిగ్గుపడలేదు.

“ఈ తలుపు చూస్తే అమ్మగారు బాదడం ఇంకా వినిపిస్తోంది” అన్నాడు. “అది నా వల్ల కాదని నా చెవులకి కూడా తెలియాలి కదా. కొన్నాళ్ళు దూరంగా ఉండనీ.”

“ఎన్నాళ్ళు?”

కౌంటరు మీది బ్రెడ్ అంచు తుంచి నోట్లో వేసుకున్నాడు. “ఇప్పుడు సరిపోయింది” అన్నాడు. గేటు దాకా వెళ్ళాను. మలుపు తిరిగేదాకా చూశాను, వంగే నడుస్తున్నాడు. బస్సు ఏ ఊరిదో అడగలేదు. అడిగితే వెంట వెళ్ళేదాన్ని.

తిరిగొచ్చేసరికి వెనక తలుపు బార్లా తెరుచుకుని గాలికి కొట్టుకుంటోంది. పొంగు గదిలో పిండంతా చల్లబడి అణిగిపోయింది. ఇవాళ బ్రెడ్ పొంగదు. నిన్ననే మేకులు పీకి గడియ ఊడదీశానక్కా. చెయ్యి మాత్రం ఇంకా అక్కడికే పోతోంది. పోయి, ఖాళీ చెక్క తడుముకుని వస్తోంది.

నాన్న మళ్ళీ అడిగితే తీశానని చెప్పు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ చెప్పు.

నీ బన్ను